పిల్లలు దూరమైతే వాడకట్టు అయినా ఉండాలి కదా

సంపాదకులకు నమస్కారం.

నెల రోజులుగా మీ ఉత్తరాల పేజీలో ముసలితనం గురించి వస్తున్నవన్నీ చదువుతున్నాను. రాసేవాళ్ళలో ఎక్కువమంది ఒకటే మాట అంటున్నారు. పిల్లలు అమెరికా, ఆస్ట్రేలియా అంటూ వెళ్ళిపోయారు, అందుకే పెద్దవాళ్ళు ఒంటరివాళ్ళయ్యారు అని. పోయిన ఆదివారం ఒక పెద్దాయన అయితే, పిల్లల్ని పై చదువులకి పంపడమే తాను చేసిన తప్పని రాశారు. అది చదివి రెండు రోజులు నాకు మనసు బాగాలేదు. ఆయనకీ, ఆయనలా అనుకునేవాళ్ళకీ నేను కళ్ళారా చూసింది చెప్పాలని కూర్చున్నాను. ఉత్తరం పొడుగైంది. వీలైతే మొత్తం వేయండి.

నాకు 69 ఏళ్ళు. ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టర్‌గా చేశాను. కుషాయిగూడలో ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో మా అబ్బాయి, కోడలు, నేను, మా ఆవిడ ఉంటాం. అబ్బాయిది జీడిమెట్లలో మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. కోడలు ప్రైవేటు స్కూల్లో టీచరు. వాళ్ళకి ఒక్కతే కూతురు. ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదువు చదువుతోంది. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారని మీ పాఠకులకి తెలిసే ఉంటుంది. 2024 ఆగస్టులో ఆ పిల్లకి డెంగ్యూ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి వారం రోజులు ఆసుపత్రిలో ఉంది. కొడుక్కి సెలవు దొరకలేదు, కోడలికి స్కూలు. "మామయ్యా, మీరిద్దరూ వెళ్ళి రెండు నెలలు వండిపెట్టి వస్తారా?" అని కోడలు ఏడుస్తూ అడిగింది. అలా మొదటిసారి విమానం ఎక్కి, సింగపూర్‌లో మారి, మనీలాలో దిగాం. సెప్టెంబరు మొదటి వారం నుంచి అక్టోబరు చివరి దాకా ఉన్నాం.

మనవరాలు ఉండేది లాస్ పిన్యాస్ అనే చోట. మనీలా మహానగరంలో అదొక ఊరు, మనకి కుషాయిగూడ ఎలాగో అలాగ. ఒక ముసలావిడ ఇంటి మేడ మీద గది అద్దెకి తీసుకుంది. ఆవిడకి 76 ఏళ్ళు. వీధిలో అందరూ ఆవిడని లోలా అంటారు. అంటే నానమ్మ, అమ్మమ్మ. తాతని లోలో అంటారు. రెండో రోజుకే నేను ఆ వీధికి లోలో అయ్యాను, మా ఆవిడ ఇంకో లోలా అయింది.

లోలాకి ఒక్కతే కూతురు. రియాద్‌లో నర్సు. అల్లుడు చాలా ఏళ్ళ కిందటే వదిలేసి పోయాడట. పద్నాలుగేళ్ళ మనవరాలు, తొమ్మిదేళ్ళ మనవడు లోలా దగ్గరే పెరుగుతున్నారు. ఆ వీధిలో ఇలాంటి ఇళ్ళు నేను ఎరిగినవే ఐదారు. ఆ దేశం నుంచి బయటి దేశాల్లో పని చేస్తున్నవాళ్ళు ఇరవై లక్షలకి పైనే ఉన్నారు. దుబాయ్, సౌదీ, హాంగ్‌కాంగ్, ఓడలు, ఆసుపత్రులు, ఇళ్ళల్లో పని. వాళ్ళు పంపే డబ్బుతోనే అక్కడ స్కూలు ఫీజులూ, ఇంటి పైకప్పులూ. కాబట్టి పిల్లలు దూరమైతే పెద్దవాళ్ళు ఒంటరివాళ్ళయిపోతారనే మాట నిజమైతే, లోలా ప్రపంచంలోకెల్లా ఒంటరి మనిషి కావాలి. కానీ ఆవిడ ఒంటరిగా కూర్చోవడం ఆ రెండు నెలల్లో నేను చూసింది తక్కువ.

ఎందుకు అని అప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను.

లోలా ఇంటి ముందు కిటికీయే ఒక కొట్టు. ఇనుప చువ్వలు, వాటి మధ్య చెయ్యి పట్టేంత సందు. లోపల షాంపూ ప్యాకెట్లు దండలుగా వేలాడుతుంటాయి. ఒక ప్యాకెట్ కాఫీ పొడి, ఒక సబ్బు, చిన్న ప్లాస్టిక్ సంచీలో కట్టిన నూనె, ఒక ఉల్లిపాయ. అంతా చిల్లర బేరమే. సారి-సారి అంటారు అలాంటి కొట్టుని, వీధికి రెండో మూడో ఉంటాయి. ఎవరైనా వచ్చి కిటికీ దగ్గర "పబిలీ పో" అని పిలుస్తారు. కొనుక్కుంటామండీ అని అర్థం. మన భాషలో పో అంటే వెళ్ళిపొమ్మని, వాళ్ళ భాషలో పో అంటే అండీ. పెద్దవాళ్ళతో మాట్లాడితే ప్రతి మాట చివరా అది ఉండాల్సిందే. మొదటి వారం నా చెవికి గుచ్చుకునేది. తర్వాత ఆ పో వినపడకపోతే ఏదో వెలితిగా ఉండేది.

ఆ కొట్టు మీద లాభం ఏమంత ఉండదు. లోలాయే చెప్పింది, మందుల ఖర్చుకి కూడా చాలదని. మరి ఎందుకు నడుపుతున్నావంటే, మూసేస్తే నన్ను రోజుకి ఎంతమంది పిలుస్తారు అని అడిగింది. ఆ మాటని మా మనవరాలు నాకు తెలుగులో చెప్పింది. నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మౌలాలిలో మా పాత ఇంటికి అరుగు ఉండేది. సాయంత్రం మా ఆవిడ ఆ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంటే దారిన పోయేవాళ్ళు ఆగి, నాలుగు కాయలు ఒలిచి, ముచ్చట చెప్పి పోయేవాళ్ళు. అపార్ట్‌మెంట్‌కి వచ్చి పదకొండేళ్ళయింది. పగలు మా తలుపు కొట్టేది కొరియర్ అబ్బాయి ఒక్కడే. వాడు కూడా ఈమధ్య కింద వాచ్‌మన్‌కి ఇచ్చి పోతున్నాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. మేము వెళ్ళిన మర్నాడు లోలా మనవడు స్కూలు నుంచి వచ్చాడు. బ్యాగు కూడా దింపకుండా నా దగ్గరికి వచ్చి, నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. నాకు అర్థం కాక వెనక్కి లాక్కోబోయాను. వాడు వదల్లేదు. తల వంచి నా చేతి వెనకభాగాన్ని తన నుదుటికి ఆనించుకున్నాడు. "మానో పో" అన్నాడు. చెమటతో తడిసిన చిన్న నుదురు. పెద్దవాళ్ళ దీవెన అలా తీసుకుంటారట. దానికి పెద్దవాళ్ళు దేవుడు నిన్ను చల్లగా చూడాలి అన్నట్టు ఏదో అంటారు. నాకు ఆ మాట నోరు తిరగలేదు. "చల్లగా ఉండు నాయనా" అన్నాను. వాడికి తెలుగు రాదు, అయినా నవ్వి పోయాడు. తర్వాత రోజూ అంతే. స్కూలుకి పోతూ ఒకసారి, వచ్చాక ఒకసారి. మా ఆవిడ అయితే వాడొచ్చే వేళకి చెయ్యి కడుక్కుని, తుడుచుకుని సిద్ధంగా కూర్చునేది. మన దగ్గర కాళ్ళకి దండం పెట్టడం ఇప్పుడు పెళ్ళిళ్ళకీ ఫొటోలకీ మిగిలింది. అక్కడ అది రోజువారీ పని, పళ్ళు తోముకున్నట్టు.

జీప్నీ గురించి చెప్పకపోతే నా ఉద్యోగానికి అన్యాయం చేసినట్టు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం వదిలేసిన జీపులని పొడుగు చేసి, రంగులేసి వాళ్ళు తయారు చేసుకున్న బండి అది. వాటిని తయారు చేసే పేరున్న సారావ్ వర్క్‌షాప్ లాస్ పిన్యాస్‌లోనే ఉంది. వెనక నుంచి ఎక్కాలి. రెండు పక్కలా పొడుగు బల్లలు, జనం ఎదురెదురుగా కూర్చుంటారు. కండక్టర్ ఉండడు. మరి టికెట్ ఎట్లా? వెనక కూర్చున్నవాళ్ళు "బయాద్ పో" అని నాణేలు చాపుతారు. పక్కవాళ్ళు అందుకుంటారు, వాళ్ళ పక్కవాళ్ళకి ఇస్తారు, అలా చేతులు మారి డ్రైవర్‌కి చేరుతుంది. చిల్లర కూడా అదే దారిలో వెనక్కి వస్తుంది. 31 ఏళ్ళు చిల్లర దగ్గర గొడవలు పడ్డవాణ్ణి. ఆ నాణేలు ఆరు చేతులు దాటి ఒక్క పైసా తగ్గకుండా లోలా చేతికి రావడం చూస్తే నాకు మాట రాలేదు.

అప్పుడు కనీస చార్జీ 13 పెసోలు. లోలా డబ్బులు ఇస్తూ ఒక్క మాట అంటుంది: "సీనియర్." అంతే. డ్రైవర్ ఐదో వంతు తగ్గించుకుంటాడు. మొహం చిట్లించడు, పక్కవాళ్ళు చూడరు. నాకూ కలిపి సీనియర్ అనబోతే నేను వద్దన్నాను. ఆ రాయితీ ఆ దేశ పౌరులకే. ముప్పై ఏళ్ళు జనం పాసులు చెక్ చేసినవాణ్ణి, అర్హత లేనిది ఎట్లా తీసుకుంటాను?

ఆ ఐదో వంతు ఎవరి దయా కాదు, చట్టం. 1992లో మొదలైంది, 2004లో పెంచారు, 2010లో ఇంకా గట్టి చేశారు. అరవై దాటిన ప్రతి పౌరుడికీ మందులు, డాక్టరు ఫీజు, బస్సు, ఓడ, విమానం, హోటల్లో భోజనం, సినిమా, ఆఖరికి అంత్యక్రియల ఖర్చు మీద కూడా 20 శాతం తగ్గింపు. పైగా 12 శాతం పన్ను కూడా ఉండదు. లోలాతో ఒకసారి మెర్క్యురీ డ్రగ్ అనే మందుల షాపుకి వెళ్ళాను. పెద్దవాళ్ళకి, గర్భిణులకి, వికలాంగులకి వేరే వరస. ఆవిడ సంచీలోంచి కార్డు, ఒక చిన్న పుస్తకం తీసింది. కొన్న మందు, తారీకు అప్పట్లో ఆ పుస్తకంలో రాసేవాళ్ళు. బిల్లు నేను చదివాను. మొదట పన్ను తీసేశారు, మిగిలిన దాని మీద ఐదో వంతు తీసేశారు. అంటే 112 పెసోల మందు 80కి వస్తుంది. రోజూ వేసుకునే బీపీ మాత్రలని వాళ్ళు మెయింటెనెన్స్ అంటారు. డిపోలో బండికి చేసే పనికి మేము వాడిన మాటే. ఆ మాట నాకు నచ్చింది. జబ్బు అనడం కంటే బండి రోడ్డు మీద ఉండటానికి చేసేది అనడం బాగుంది.

ప్రతి ఊళ్ళో పెద్దవాళ్ళ కోసం ఒక ఆఫీసు ఉండాలని కూడా ఆ చట్టంలో ఉంది. ఆస్కా అంటారు. దాని అధికారి అరవై దాటిన మనిషే అయి ఉండాలి. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. కార్డు కోసం వెళ్తే బల్లకి అవతల కూర్చున్నది కూడా మోకాళ్ళ నొప్పులున్న మనిషే. చెవి వినపడని వాళ్ళతో ఎలా మాట్లాడాలో ఆయనకి ఒకరు నేర్పక్కర్లేదు.

ఇంకా కింద, వీధుల స్థాయిలో బరంగాయ్ ఉంటుంది. మన వార్డు లాంటిది, కానీ చిన్నది. దేశం మొత్తం మీద 42 వేలకి పైనే ఉన్నాయి. మా బరంగాయ్ హాలు పక్కన పైకప్పు వేసిన బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది. ఉదయం ఆరింటికి అక్కడ ముసలివాళ్ళు జుంబా చేస్తారు. స్పీకర్‌లో పాటలు, ముందర ఒక కుర్రాడు గెంతుతుంటాడు, వెనక ముప్పై నలభై మంది. కూర్చునే చేసేవాళ్ళకి ప్లాస్టిక్ కుర్చీలు. లోలా మా ఆవిడని లాక్కెళ్ళింది. మా ఆవిడ చీర కొంగు నడుముకి దోపి నిలబడింది. మొదటి రోజు చేతులు మాత్రం ఊపింది. పది రోజులకి మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడటం తగ్గించింది. నొప్పి పోయిందని కాదు. నొప్పి కాకుండా ఇంకో విషయం ఆవిడకి దొరికింది, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని.

ఎందుకంటే అక్కడ అసలు పని అదే. పాట ఆగాక బీపీ చూస్తారు, తర్వాత హాజరు లాంటిది ఒకటి జరుగుతుంది. ఫలానా మనిషి కనపడలేదే అని ఒకరు అడుగుతారు. కూతురింటికి పోయిందని ఇంకొకరు చెప్తారు. ఎవరూ చెప్పకపోతే దారిలో ఇల్లున్నవాళ్ళు తొంగి చూసి వస్తారు. అక్టోబరు మొదటి వారాన్ని వాళ్ళు పెద్దల వారంగా జరుపుకుంటారు. ఆ వారం డ్యాన్సు పోటీ పెట్టారు. మా ఆవిడ వెనక వరసలో నిలబడింది. రెండు కేజీల బియ్యం బహుమతి వచ్చింది. ఆ సంచీ ఖాళీ అయ్యాక మడిచి సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకుంది.

అక్కడ అంతా బాగుందని నేను చెప్పడం లేదు. చెబితే అబద్ధం అవుతుంది. గతిలేని ముసలివాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే పెన్షన్ నెలకి వెయ్యి పెసోలు. అంటే మన లెక్కలో దాదాపు పదిహేను వందలు. 2011 నుంచి ఐదు వందలే ఇచ్చేవాళ్ళు, 2022లో చట్టం చేస్తే 2024కి వెయ్యి అయింది. అదీ అందరికీ కాదు. ఆ విషయంలో 2016 రూపాయలు ఇస్తున్న మన రాష్ట్రమే నయం. వందేళ్ళు నిండితే లక్ష పెసోలు ఇస్తారని 2016 నుంచి చట్టం ఉంది. ఎనభై నుంచి ప్రతి ఐదేళ్ళకీ పదివేలు అని 2024 ఫిబ్రవరిలో ఇంకోటి వచ్చింది. పక్కింటావిడకి ఎనభై నిండాయి. మేము వచ్చేదాకా చేతికి అందలేదు, ఆవిడ రోజూ అడుగుతూనే ఉంది. వాళ్ళ రాజ్యాంగంలోనే పెద్దల్ని చూసుకోవడం కుటుంబం బాధ్యత అని రాసి ఉంది, ప్రభుత్వం కూడా చూడవచ్చు అని తర్వాత వస్తుంది. అందుకని కూతురు పంపకపోతే లోలా ఇల్లు గడవదు.

ఇంకోటి. 76 ఏళ్ళ మనిషి తెల్లారి నాలుగున్నరకి లేచి ఇద్దరు పిల్లలకి అన్నం వండి, యూనిఫాం ఇస్త్రీ చేసి పంపాలి. పద్నాలుగేళ్ళ పిల్ల ఎదురు మాట్లాడితే సర్ది చెప్పాలి. ఒక రాత్రి మంచినీళ్ళకి కిందికి దిగితే లోలా చీకట్లో కొట్టు ముందర కూర్చుని ఉంది. ఫోను చేతిలో ఉంది, వెలుతురు లేదు. కూతురితో మాట్లాడి పెట్టేసినట్టుంది. నన్ను చూసి కళ్ళు తుడుచుకుని, కాఫీ తాగుతావా అని సైగ చేసింది. సెప్టెంబరు వస్తే చాలు అక్కడ క్రిస్మస్ పాటలు మొదలైపోతాయి. ప్రతి షాపులో అవే. వీధి అంతా సంబరపడుతుంటే, లోలా మాత్రం వేళ్ళ మీద నెలలు లెక్క పెట్టేది. డిసెంబరులో కూతురికి సెలవు దొరుకుతుందో లేదో ఇంకా తేలలేదు. అంటే దుఃఖం అక్కడ కూడా ఉంది. కానీ ఆరింటికి మళ్ళీ బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది, ఏడింటికి కిటికీ దగ్గర "పబిలీ పో" ఉంది. ఆ దుఃఖంతో ఆవిడని రోజంతా ఒంటరిగా వదిలేయలేదు ఆ వీధి.

ఆ తేడా నాకు ఇంటికి వచ్చాక బాగా తెలిసింది.

నాతో పాటు డ్యూటీ చేసిన ఒక డ్రైవరన్న ఉన్నాడు. 72 ఏళ్ళు. భార్య పోయి నాలుగేళ్ళయింది. కొడుకు, కోడలు ఆయనతోనే ఉంటారు, అమెరికాలో కాదు. ఇద్దరూ పొద్దున ఎనిమిదింటికి హైటెక్ సిటీ వైపు వెళ్తే రాత్రి ఎనిమిదింటికి వస్తారు. మంచివాళ్ళు, అన్నం పెట్టి వెళ్తారు, మందులు కొంటారు. ఈయన మాత్రం టిఫిన్ బాక్సు సంచీలో పెట్టుకుని కుషాయిగూడలో అఫ్జల్‌గంజ్ బస్సు ఎక్కుతాడు. చివర దాకా పోతాడు. మూసీ దగ్గర కాసేపు నిలబడి మళ్ళీ బస్సు ఎక్కుతాడు. "ఎక్కడికన్నా రోజూ?" అని అడిగితే, "ఎక్కడికీ లేదు. మనుషులు ఉంటారు కదా" అన్నాడు.

డ్యూటీలో ఉన్నప్పుడు నేను ఇలాంటి వాళ్ళని చూసేవాణ్ణి. టెర్మినల్‌లో దిగకుండా మళ్ళీ టికెట్ అడిగే ముసలివాళ్ళు. పిచ్చో, మతిమరుపో అనుకునేవాణ్ణి. దిగు తాతా, దిగు అని తొందర పెట్టిన రోజులున్నాయి. ఇప్పుడు వాళ్ళ మొహాలు గుర్తొస్తుంటాయి. వాళ్ళకి పోవాల్సిన చోటు లేదు. బస్సే వాళ్ళ అరుగు.

మా డ్రైవరన్న కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. లోలా కూతురు సముద్రాల అవతల ఉంది. అయినా ఒంటరితనం ఎవరిదో చూడండి. అందుకే పిల్లల్ని చదివించి తప్పు చేశానని రాసిన ఆ పెద్దాయనతో నేను ఒప్పుకోను. అయ్యా, మీరు తప్పు చేయలేదు. పిల్లలు వెళ్ళాక పట్టుకోవడానికి ఉండాల్సింది మన చుట్టూ లేకుండా పోయింది. అరుగులు పోయాయి, వాటి చోట సెల్లార్ పార్కింగ్ వచ్చింది. దాన్ని మళ్ళీ తెచ్చుకోవాలి. అది మనమూ, ప్రభుత్వమూ చేయగలిగిన పనే.

మన దేశంలో చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2007 చట్టం కింద పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి పోవచ్చు, నెలకి పదివేల దాకా ఇప్పిస్తారు. అవసరమైన చట్టమే. కానీ అది కొడుకు మీద కేసు వేయాల్సిన రోజు వచ్చినవాళ్ళకి. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి గోడని చూస్తూ కూర్చున్న మనిషికి అది పనికిరాదు. 14567 అని పెద్దల హెల్ప్‌లైన్ ఉంది, అది మొదట మొదలైంది మన తెలంగాణలోనే. మా అపార్ట్‌మెంట్‌లో అరవై దాటినవాళ్ళం పదకొండు మందిమి, అడిగితే ఒక్కరికీ ఆ నంబరు తెలియదు. నేనే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి లిఫ్టులో అంటించాను. రైళ్ళలో మగవాళ్ళకి 40, ఆడవాళ్ళకి 50 శాతం రాయితీ ఉండేది. కరోనా అని 2020 మార్చిలో ఆపారు. కరోనా పోయింది, రాయితీ రాలేదు. ఆ రాయితీ డబ్బు సంగతే కాదు. కూతురింటికో, పుట్టిన ఊరికో, తిరుపతికో బయల్దేరడానికి అది ఒక పిలుపు. పెద్ద ధనిక దేశమేమీ కాని ఫిలిప్పీన్స్ బస్సులో, మందుల షాపులో కూడా ఇస్తుంటే, మనం రైల్లో ఇవ్వలేమా? వాళ్ళ 2020 జనాభా లెక్కల్లో అరవై దాటినవాళ్ళు 92 లక్షలు, నూటికి ఎనిమిదిన్నర మంది. మన 2011 లెక్కల్లో కూడా నూటికి దాదాపు అంతే. అప్పటికే పదికోట్ల పైన ఉన్నాం, ఇప్పుడు ఇంకా ఎక్కువ.

ఇంకో అనుభవం రాసి ముగిస్తాను. నాకు ప్రావిడెంట్ ఫండ్ వాళ్ళ నుంచి వచ్చే ఈపీఎస్ పెన్షన్ మూడు వేల చిల్లర. దానికి ఏడాదికోసారి బతికే ఉన్నానని వేలిముద్ర వేసి చూపించాలి. పోయిన నవంబరులో ఒక సెంటర్‌కి వెళ్ళాను. నా బొటనవేలు పడలేదు. 31 ఏళ్ళు టికెట్లు చింపిన వేలు, గీతలు అరిగిపోయాయి. మళ్ళీ పెట్టు, గట్టిగా నొక్కు, తడుచుకుని పెట్టు. ఆరుసార్లు. వెనక వరస పెరుగుతోంది. మిషన్ దగ్గర కుర్రాడు తల ఎత్తకుండా "పెద్దాయనా, పడటం లేదు, రేపు రా" అన్నాడు. వాడి తప్పని అనను, వాడి ముందర అరవై మంది ఉన్నారు. కానీ మెట్ల మీద కూర్చుని ఆ వేలు చూసుకుంటూ, లోలా మనవడు ఈ చెయ్యినే కదా నుదుటికి ఆనించుకున్నాడు అనుకున్నాను. మూడో రోజు ఎడమచేతి వేలు పడింది.

అందుకే నేను అడిగేది పెద్దది కాదు. 2023 జూన్‌లో నగరంలో 150 వార్డు ఆఫీసులు తెరిచారు. వార్డుకి ఒక గది, కింది అంతస్తులోనే, మెట్లు లేకుండా, పెద్దవాళ్ళకి ఇవ్వండి. వార్డు ఆఫీసులో చోటు లేకపోతే కమ్యూనిటీ హాలు ఉంది. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో అది తాళం వేసే ఉంటుంది. పది ప్లాస్టిక్ కుర్చీలు, తాగే నీళ్ళు, శుభ్రంగా ఉండే బాత్రూం, బీపీ మిషన్ ఒకటి, వేలిముద్ర పడనివాళ్ళ పని కూర్చోబెట్టి చేసే మనిషి ఒకరు వారానికోసారి. గది చూసుకునే బాధ్యత అరవై దాటినవాళ్ళకే ఇవ్వండి. జీతం అక్కర్లేదు. ఈ వాడల్లో రిటైరైన టీచర్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, ఈసీఐఎల్‌లో పని చేసి వచ్చినవాళ్ళు ఉన్నారు. అందరికీ చేతినిండా సమయం ఉంది.

హాజరు పుస్తకం మాత్రం తప్పకుండా ఉండాలి. ఎవరు రాలేదో రాసుకుని, పోయి తలుపు కొట్టి రావాలి. ఆ పని మా డ్రైవరన్న చేస్తానన్నాడు. అడగ్గానే, ఎన్ని గంటలకి రావాలని అడిగాడు.

మా వార్డులో గది ఇస్తే తాళంచెవి నా దగ్గర పెట్టండి. ఉదయం ఆరింటికి తెరుస్తాను. 31 ఏళ్ళు ఫస్ట్ బస్సు డ్యూటీకి మూడున్నరకి లేచినవాణ్ణి, ఇప్పటికీ ఆ టైముకే మెలకువ వస్తుంది. మా ఆవిడ పాటలు ఏవి పెట్టాలో అప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
కుషాయిగూడ, హైదరాబాద్